వాల్వ్ పక్కన మనిషిని నిలబెట్టి ఆటోమేటిక్ అనకండి

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను, తర్వాత ఎవరెంత తిట్టుకున్నా ఫర్లేదు. హీటింగ్ ట్యాంకులో టెంపరేచర్ నిలబడట్లేదంటే చాలాసార్లు తప్పు ఆపరేటర్‌ది కాదు. కంట్రోలర్‌లో వేసిన నంబర్లది కూడా కాదు. రెండు లూప్‌లు చెయ్యాల్సిన పని ఒక్క లూప్ నెత్తిన పెట్టారు, అదీ గొడవ. ఆ రెండో లూప్ పెట్టించకుండా అక్కడొక మనిషిని నిలబెడతారు. బ్యాచ్ మాడితే ఆ మనిషి జీతమే కోస్తారు.

ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ముసఫ్ఫాలో వాటర్‌ప్రూఫింగ్ షీట్లు చేసే ఒక ఫ్యాక్టరీలో (పేరు రాయను, వాడి ఉద్యోగం ముఖ్యం) మనోడొకడికి పోయిన నెల ఇదే జరిగింది. నైట్ షిఫ్టులో మిక్సింగ్ ట్యాంకులో బిటుమెన్ వేడెక్కిపోయి బ్యాచ్ పాడైంది. పొద్దున్నే లెటర్ మీద సంతకం పెట్టించుకున్నారు, జీతంలో కోత పడింది. మఫ్రఖ్ క్యాంపులో వారం రోజులు ఇదే చర్చ. "నిద్రపోయుంటాడు" అని కొందరు. మా రూమ్‌లో డిప్లొమా చదివిన తమ్ముడొకడు, "ఏటన్నా, ఆటోట్యూన్ కొట్టేస్తే అయిపోద్ది కదా, దీనికింత పంచాయితీ ఏటి?" అన్నాడు. వాడికి నోటితో చెప్పిందే ఇక్కడ పూర్తిగా రాస్తున్నాను. మఫ్రఖ్ అంటే అరబ్బీలో దారులు విడిపోయే చోటు. పేరుకు తగ్గట్టే ప్లాస్టిక్ పైపులోళ్లు, పెయింటోళ్లు, తారోళ్లు అందరం ఇక్కడికే వచ్చి పడుకుంటాం. ఎవరి మెషీన్‌కి వాళ్లు అన్వయించుకోండి.

ముందు ట్యాంకు ఎలా ఉంటదో చెబుతాను. లోపల బిటుమెన్. చుట్టూ జాకెట్, అంటే రెండో గోడ. ఆ గోడల మధ్య హాట్ ఆయిల్ తిరుగుతుంది. బయట యార్డులో ఒక బర్నర్ హీటర్ ఆ ఆయిల్‌ని కాచి మెయిన్ లైన్లోకి పంపుతుంది. అదే లైన్ మీద మూడు నాలుగు ట్యాంకులు బతుకుతుంటాయి. మన ట్యాంకుకి ఎంత వేడి ఆయిల్ రావాలో ఒక కంట్రోల్ వాల్వ్ చూసుకుంటుంది. బిటుమెన్‌లో ముంచిన థర్మోకపుల్ రీడింగ్ చూసి కంట్రోలర్ ఆ వాల్వ్ తెరుస్తుంది, మూస్తుంది. ఇదే సింగిల్ లూప్. బొమ్మ గీస్తే బాగానే ఉంటది.

ఇప్పుడు పక్క ట్యాంకు వాల్వ్ తెరుచుకుందనుకోండి. మెయిన్ లైన్లో ఆయిల్ 250 నుంచి 230కి పడిపోయింది. మన జాకెట్‌కి వేడి తగ్గింది. మన కంట్రోలర్‌కి ఈ సంగతి తెలుసా? తెలీదు. అది చూసేది బిటుమెన్‌ని. బిటుమెన్ చిక్కటి సరుకు, వేడిని తొందరగా తీసుకోదు, తొందరగా వదలదు. జాకెట్ చల్లబడిన సంగతి లోపలి థర్మోకపుల్ దాకా రావడానికి ఇరవై నిమిషాలు, అరగంట అనుకోండి. అప్పుడు కంట్రోలర్ ఉలిక్కిపడి వాల్వ్ బార్లా తెరుస్తుంది. ఈలోపు పక్క ట్యాంకు పని అయిపోయి లైన్లో ఆయిల్ మళ్లీ 250కి ఎక్కింది. అంటే ఆయిలూ వేడిగా ఉంది, వాల్వూ బార్లా ఉంది. జాకెట్ ఉడికిపోతోంది, లోపల రీడింగ్ మాత్రం ఇంకా తక్కువే చూపిస్తోంది. రీడింగ్ 180 దాటి వాల్వ్ మూసినా, జాకెట్ గోడలో నిండిన వేడి ఎక్కడికి పోతుంది? బిటుమెన్‌లోకే పోతుంది. గోడకి అంటుకుని ఉన్న సరుకు మాడుతుంది. దాంట్లో కలిపిన పాలిమర్ దెబ్బతింటుంది.

మన తమ్ముడి ఆటోట్యూన్ ఇక్కడ ఏం చేస్తుంది? ఆ గంటలో, ఆ లోడు మీద, ఆ ఆయిల్ వేడి మీద వాల్వ్‌ని అటూ ఇటూ ఊపి చూసి మూడు నంబర్లు ఇస్తుంది. ఆ నంబర్లు మంచివే కావచ్చు. కానీ అరగంట ఆలస్యంగా వచ్చే కబురుని ఏ నంబరూ ముందుకు తేలేదు. గట్టిగా ట్యూన్ చేస్తే టెంపరేచర్ ఉయ్యాలూగుతుంది, మెత్తగా ట్యూన్ చేస్తే పడిపోయింది పడిపోయినట్టే ఉంటది. జీగ్లర్, నికల్స్ అనే ఇద్దరు 1942లో ఇచ్చిన ట్యూనింగ్ లెక్కలు ఇప్పటికీ ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో చెబుతారు. మంచి లెక్కలే. కాకపోతే ఊపు ఒక్కో విడతకి పావు వంతుకి తగ్గితే చాలు అనే లెక్క మీద కట్టినవి. బిటుమెన్ లాంటి సరుకు మీద వాటిని ఉన్నదున్నట్టు వేస్తే ఆ మొదటి ఊపే బ్యాచ్‌ని తినేస్తుంది.

మా అనకాపల్లి వైపు బెల్లం వండడం చూసినవాళ్లకి దీనికి మందేంటో నేను చెప్పక్కర్లేదు. పెనం దగ్గర పాకం చూసే పెద్దాయన ఒకడు. పొయ్యి నోటి దగ్గర ఎండిన చెరకు పిప్పి తోసేవాడు ఇంకొకడు. పెద్దాయన చూపంతా పాకం మీదే. బుడగ ఎలా లేస్తోంది, రంగు ఎలా తిరుగుతోంది, నీళ్లలో వేస్తే ముద్ద కడుతోందా లేదా. పిప్పి తోసేవాడికి పాకం కనపడదు, కనపడక్కర్లేదు. "మంట కాస్త తగ్గించరా" అని కేక వినపడితే తగ్గిస్తాడు. కానీ గాలి వీచి మంట ఎగసినా, తడి పిప్పి పడి మంట అణిగినా, పెద్దాయన కేకేసేదాకా ఆగడు. తన మంట తనే సరిచేసుకుంటాడు. ఆ గాలి వీచిన సంగతి పాకానికి తెలిసేలోపే సర్దేస్తాడు. పొయ్యి దగ్గరోణ్ణి తీసేసి రెండు పనులూ పెద్దాయన్నే చెయ్యమనండి, పాకం ఏమవుద్దో చూడండి.

కాస్కేడ్ అంటే అంతే. జాకెట్‌లోకి వెళ్లే ఆయిల్ మీద రెండో థర్మోకపుల్, దానికో కంట్రోలర్. వాల్వ్ ఇప్పుడు దీని చేతిలో ఉంటుంది. ఇది లోపలి లూప్, పొయ్యి దగ్గరోడు. బిటుమెన్ చూసే పాత కంట్రోలర్ బయటి లూప్, పెద్దాయన. పెద్దాయన ఇక వాల్వ్ ముట్టుకోడు. "జాకెట్ ఆయిల్ 205లో ఉంచు" అని సెట్‌పాయింట్ మాత్రం పంపుతాడు. లైన్లో ఆయిల్ 230కి పడితే లోపలి లూప్‌కి నిమిషంలో తెలుస్తుంది, వాల్వ్ కాస్త తెరుస్తుంది, జాకెట్ 205లోనే ఉంటుంది. బిటుమెన్‌కి ఏం జరిగిందో కూడా తెలీదు. వాల్వ్ స్టెమ్ పట్టేసినా, కంప్రెసర్ గాలి ప్రెషర్ కొంచెం తగ్గినా, ఆ బాధ కూడా లోపలే తేలిపోతుంది.

ఇప్పుడు అసలు మాటకొస్తాను. కాస్కేడ్ లేని ఫ్యాక్టరీలో ఈ లోపలి లూప్ పని ఆగిపోదు. ఎవరో ఒకరు చేస్తూనే ఉంటారు. రాత్రంతా జాకెట్ పక్కన తిరుగుతూ, పైపు మీది డయల్ గేజి చూసి, బైపాస్ వాల్వ్ అరచుట్టు తిప్పి, పది నిమిషాలాగి మళ్లీ అరచుట్టు తిప్పే ఆపరేటర్ ఉన్నాడే, వాడే లోపలి లూప్. ప్యానెల్ మీద "ఆటో" లైటు వెలుగుతూనే ఉంటుంది. మేనేజర్ రిపోర్టులో కూడా ఆటోమేటిక్ అనే ఉంటుంది. వాడు బాగానే చేస్తాడు కూడా. నాలుగైదేళ్లు చేసినోడు పైపు శబ్దం బట్టి చెప్పేస్తాడు. కానీ వాడు టీకి వెళ్తాడు, బాత్రూమ్‌కి వెళ్తాడు, ఫోర్‌మన్ పిలిచి "పౌడర్ బ్యాగులు దించు" అంటే దించుతాడు. ఆ పదిహేను నిమిషాలు ట్యాంకుకి లోపలి లూప్ లేదు. మనోడి బ్యాచ్ పోయిన రాత్రి వాడు పడుకోలేదు, ఫోర్‌క్లిఫ్ట్ లేక బ్యాగులు మోశాడు. ఇది వాడి షిఫ్టులో ఉన్న హెల్పరే చెప్పాడు.

వేడి సంగతి కూడా చెప్పాలి. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో, ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ రూల్ ఉంది. మంచి రూల్, దాని వల్ల ప్రాణాలు నిలబడ్డోళ్లున్నారు. కానీ మన ఆపరేటర్ ఆరుబయట లేడు. రేకుల షెడ్డు కింద, 200 డిగ్రీల ఆయిల్ పైపు పక్కన ఉన్నాడు. ఎండ పడట్లేదు కాబట్టి ఆ రెండున్నర గంటలు వాడికి రావు. ఆగస్టులో ఆ షెడ్డులోకి వెళ్లినోళ్లకి నేను వివరం చెప్పక్కర్లేదు. రెండో థర్మోకపుల్ పెడితే సరుకు బాగుంటుందని ఇంజనీర్లు చెబుతారు. ఆ మనిషి జాకెట్ పక్క నుంచి కంట్రోల్ రూమ్‌లోకి వస్తాడు, నాకు అది చాలు.

"ఓనర్ డబ్బులు పెట్టడన్నా" అంటారు. అడగాల్సింది ఏంటో చూడండి. ఒక థర్మోకపుల్, దానికో థర్మోవెల్, కొంత కేబుల్, రిమోట్ సెట్‌పాయింట్ తీసుకునే కంట్రోలర్ ఒకటి. పాత కంట్రోలర్ 4-20 మిల్లీ ఆంపియర్ల అవుట్‌పుట్ వాల్వ్‌కి బదులు కొత్తదాని రిమోట్ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. కొన్ని కంట్రోలర్లలో రెండు లూప్‌లూ ఒకే డబ్బాలో వస్తాయి. పీఎల్‌సీ ఉన్న చోట ఆ డబ్బా కూడా అక్కర్లేదు, ప్రోగ్రామ్‌లో ఇంకో బ్లాక్ పెట్టడమే. దీని ఖర్చునీ, పారబోసిన ఒక ట్యాంకు బిటుమెన్ ఖరీదునీ ఓనర్ ముందు పక్కపక్కన పెట్టి చూపించండి.

డబ్బుల కన్నా నాకు కోపం తెప్పించేది ఇంకోటుంది. చాలా చోట్ల కాస్కేడ్ ఉంటుంది! ప్యానెల్ మీద బటన్ ఉంటుంది, మెషీన్ కంపెనీవాడు పెట్టే పంపాడు. దాన్ని లోకల్‌లో పెట్టి, "ముట్టుకోవద్దు" అని టేపు అంటించి ఉంటారు. ఎందుకయ్యా అంటే "అది పెడితే ఊగుతోంది" అంటారు. ఊగక ఏం చేస్తుంది? తలకిందులుగా ట్యూన్ చేశారు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తాను, ఇన్‌స్ట్రుమెంట్ తమ్ముళ్లు జాగ్రత్తగా చదవండి.

ఎప్పుడైనా లోపలి లూప్ ముందు. బయటిదాన్ని మాన్యువల్‌లో పెట్టండి, లోపలిదానికి మీరే చేత్తో సెట్‌పాయింట్ ఇవ్వండి. 195 నుంచి 200కి మార్చి చూడండి. చురుగ్గా వెళ్లి నిలబడాలి. కొంచెం దాటినా ఫర్లేదు. దీనికి పీ, కొంచెం ఐ చాలు. డీ జోలికి పోకండి, వాల్వ్ వణికిపోద్ది. లోపలిది బాగా కుదిరాక దాన్ని రిమోట్‌లో పెట్టి, అప్పుడు బయటిదాన్ని ట్యూన్ చెయ్యండి. దీన్ని మాత్రం ఓపిగ్గా, మెత్తగా. ముందు బయటిది ట్యూన్ చేసి తర్వాత లోపలిది మారిస్తే, బయట చేసిందంతా వృథా.

రెండోది, స్పీడ్ తేడా. లోపలి లూప్ బయటిదాని కన్నా కనీసం మూడు నుంచి ఐదు రెట్లు వేగంగా ఉండాలి. కొలవడం సులువు. రెండిటినీ మాన్యువల్‌లో పెట్టి వాల్వ్‌ని ఐదు శాతం కదిపి, వాచీ చూసుకోండి. జాకెట్ మూడు నిమిషాల్లో సర్దుకుని, బిటుమెన్ నలభై నిమిషాలు తీసుకుంటే కాస్కేడ్‌కి అంతకన్నా మంచి చోటు లేదు. రెండూ ఇంచుమించు ఒకే స్పీడ్‌లో ఉంటే మాత్రం కాస్కేడ్ వద్దు. ఇద్దరు మేస్త్రీలు ఒకే కూలీకి చెరో మాటా చెప్పినట్టు ఉంటుంది, రెండు లూప్‌లూ కొట్టుకుంటాయి.

మూడోది, సెట్‌పాయింట్‌కి గోడలు కట్టడం. బయటి లూప్ ఎంత అరిచినా జాకెట్‌ని, మాటవరసకి, 220 దాటి అడగకూడదు అని లిమిట్ పెట్టొచ్చు. సింగిల్ లూప్‌లో ఈ సౌకర్యమే లేదు. అక్కడ వాల్వ్ ఎంత శాతం తెరవాలో లిమిట్ పెట్టగలరు కానీ, గోడ ఎంత వేడెక్కాలో పెట్టలేరు. గోడ దగ్గర సరుకు మాడకుండా కాపాడేది ఈ ఒక్క నంబరే. ఎలక్ట్రిక్ హీటర్లలో కాయిల్ కాలిపోకుండా కాపాడేదీ ఇదే.

ఇంకొకటి, విండప్. చల్లటి ట్యాంకుని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు బయటి లూప్ గంటల తరబడి "ఇంకా, ఇంకా" అని అడుగుతూనే ఉంటుంది. లోపలిది అప్పటికే 220 గోడకి ఆనుకుని ఉంటుంది. ఆ సంగతి బయటిదానికి తెలియజేయకపోతే దాని ఐ లెక్క పేరుకుపోయి, 180 దాటాక కూడా దిగదు. లోపలిది లిమిట్‌లో ఉన్నా, లోకల్‌లో ఉన్నా, బయటిది లెక్క ఆపేసి దాన్నే అనుసరిస్తూ కూర్చోవాలి. మాన్యువల్‌లో దీన్ని ట్రాకింగ్ అనో, యాంటీ విండప్ అనో రాసుంటారు. అది ఆన్ చెయ్యకుండా లోకల్ నుంచి రిమోట్‌కి మార్చితే వాల్వ్ ఒక్కసారి ఎగిరిపడుతుంది. ఆపరేటర్ జడుసుకుని మళ్లీ లోకల్‌లో పెట్టేస్తాడు. ఆ టేపు అంటించిన బటన్ల వెనక చాలాసార్లు ఉన్నది ఇంతే.

సెన్సర్ ఎక్కడ పెట్టాలి? జాకెట్‌కి సొంత సర్క్యులేషన్ పంపు ఉంటే ఆయిల్ లోపలికి వెళ్లే పైపు మీద పెట్టండి. పంపు లేకుండా మెయిన్ లైన్ నుంచి నేరుగా వాల్వ్ మీదుగా వస్తుంటే, లోపలికి వెళ్లే పైపులో కనపడేది మెయిన్ లైన్ వేడి మాత్రమే. వాల్వ్ తిప్పినా ఆ నంబర్ పెద్దగా మారదు. అప్పుడు తిరిగి వచ్చే పైపు మీద పెట్టాలి. ప్లాస్టిక్ పైపుల ఎక్స్‌ట్రూడర్ మీద చేసేవాళ్లకి ఇదే ఇంకో రూపంలో ఉంటుంది. బ్యారెల్ లోహంలో లోతుగా ఒక థర్మోకపుల్, హీటర్ దగ్గర పైపైన ఒకటి.

కేబుల్ రంగుల దగ్గర జాగ్రత్త. ఇక్కడ అమెరికా మెషీన్లూ ఉంటాయి, యూరప్ మెషీన్లూ ఉంటాయి. కే టైప్ థర్మోకపుల్‌కి అమెరికా పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. మనోళ్ల చెయ్యి అలవాటుగా ఎరుపుని ప్లస్‌కి పెట్టేస్తుంది. ఐఈసీ పద్ధతిలో ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. తిరగేసి కలిపితే వేడెక్కేకొద్దీ రీడింగ్ తగ్గుతుంది, కంట్రోలర్ ఇంకా వేడి పంపుతుంది. కాబట్టి కంట్రోలర్లతో సంబంధం లేని హై టెంపరేచర్ కటాఫ్ ఒకటి, దాని సొంత సెన్సర్‌తో, విడిగా ఉండాల్సిందే. కాస్కేడ్ ఉంది కదా అని దాన్ని తీసేసేవాణ్ణి సైట్‌లోంచి పంపించెయ్యాలి.

కాస్కేడ్ అన్నిటికీ మందు కాదు. చల్లటి సున్నపురాయి పౌడర్ బ్యాగులు ఒకేసారి ట్యాంకులో పోస్తే, ఆ దెబ్బ బయటి లూప్ మీదే పడుతుంది. లోపలిది ముందుగా పసిగట్టలేదు. పౌడర్ నిదానంగా పొయ్యడమే దానికి దారి. మన క్యాంపు బాత్రూమ్ గీజర్‌కి కాస్కేడ్ పెట్టమని కూడా ఎవరూ అడగట్లేదు, దానికి థర్మోస్టాట్ చాలు. అయినా ఇక్కడ వేసవిలో దాన్ని ఆన్ చేసేదెవరు? పైకప్పు ట్యాంకు నీళ్లు కాలిపోతుంటే, ఆపేసిన గీజర్‌లో నిలవున్న నీళ్లే చల్లగా ఉంటాయని దాంట్లోంచి పట్టుకుని పోసుకుంటాం.

అన్నిటికన్నా ముఖ్యం, ఎన్ని లూప్‌లు పెట్టినా అవి సెన్సర్ ఉన్న చోటునే చూస్తాయి. విశాఖ వాళ్లకి ఇది గుర్తు చెయ్యాల్సిన పని లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చి 12 మంది పోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ చెప్పినదాంట్లో ఒక మాట మా పనోళ్లందరూ గోడ మీద రాసుకోవాలి. ఆ ట్యాంకులో టెంపరేచర్ కొలిచేది అడుగున మాత్రమే. మధ్యలో, పైన ఏం జరుగుతోందో చూసే సెన్సర్ లేదు. అడుగున నంబర్ చల్లగానే కనపడింది, పైన స్టైరీన్ తనలో తనే రియాక్ట్ అవుతూ వేడెక్కిపోయింది. అది హీటర్ కాదు, చల్లగా ఉంచాల్సిన ట్యాంకు, నిజమే. కానీ ఒక్క చోట ఒక్క నంబర్ చూసి "అంతా బాగుంది" అని లాగ్ బుక్‌లో రాసే అలవాటు మాత్రం ఇక్కడి మన షెడ్డుల్లోనూ అదే.

ఆపరేటర్ తమ్ముళ్లు, మీకు కంట్రోలర్ పాస్‌వర్డ్ ఇవ్వరు, తెలుసు. మీరు చెయ్యగలిగింది లాగ్ బుక్. బిటుమెన్ రీడింగ్ ఒక్కటే రాయకుండా జాకెట్ డయల్ గేజి కూడా పక్కన రాయండి. వాల్వ్ చేత్తో తిప్పిన ప్రతిసారీ టైము రాయండి. వేరే పనికి పిలిస్తే ఎవరు పిలిచారో, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా వెళ్లారో రాయండి. వారం రోజుల పేజీలు చూస్తే రెండో లూప్ పని చేస్తున్నది ఎవరో ఏ ఇంజనీర్‌కైనా కనపడుతుంది. లెటర్ మీద సంతకం పెట్టమన్నప్పుడు చూపించడానికి మీ చేతిలో ఒక కాగితమూ ఉంటుంది.

ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లకి ఇంకో మాట. థర్మోవెల్ సాకెట్ వెల్డ్ చెయ్యాలంటే ఆ లైన్లో ఆయిల్ పూర్తిగా దించాలి, హాట్ వర్క్ పర్మిట్ తీసుకోవాలి. నడిచే ఫ్యాక్టరీలో అది ఎవడూ ఒప్పుకోడు. ఈద్ సెలవులకి ట్యాంకులు ఎలాగూ చల్లారుస్తారు, ఆ నాలుగు రోజులే దొరుకుతాయి. సాకెట్ సైజు, థర్మోవెల్ పొడవు, కేబుల్ ఎన్ని మీటర్లో కొలిచి రిక్వెస్ట్ ఇప్పుడే పెట్టండి. స్టోర్‌లో సరుకు రావడానికే నెల పడుతుంది.